పద్దు లేని నిల్వ

డాక్టరుగారు మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమన్నారు. ఈలోగా 100 లోంచి ఏడేసి తీసేస్తూ రమ్మన్నారు. 93, 86, 79... ఆయన చాలనేదాకా ఆగలేదు. విజయవాడ వన్‌టౌన్‌లో బట్టల కొట్టు లెక్కలు 38 ఏళ్ళు రాసినవాణ్ణి మరి. తర్వాత ఆ మూడు మాటలూ అడిగారు. మర్చిపోవడం కాదు, ఎవరో ఏదో చెప్పిన జాడే లేదు. పక్కనున్న మా ఆవిడకు మూడూ తెలుసు. తల దించుకుంది. ఆ రాత్రి తను చెబుతుంటే నోటుబుక్కులో రాసుకున్నాను కాబట్టి ఇంత వివరంగా చెబుతున్నాను.

అల్జీమర్స్, తొలిదశ. మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం ముందుగా దెబ్బతింటుందట. అందుకే కొత్త సంగతులు నిలవవు, పాతవి చాలాకాలం ఉంటాయి. ఇది నాకు ఇట్టే అర్థమైంది. ఏ రోజు బేరం ఆ రోజు చిట్టాలో రాస్తాం. దాన్ని గుమాస్తా ఆవర్జాకు ఎక్కిస్తాడు. నా లోపలి గుమాస్తా పనికి రావడం తగ్గించాడు. పాత ఆవర్జాలు బీరువాలో భద్రం, ఇవాళ్టి చిట్టా మాత్రం సాయంత్రానికి గల్లంతు.

మొదట్లో ఎవరికీ చెప్పలేదు. ఉన్న తెలివంతా దాచడానికే ఖర్చయ్యేది. చివరికి టీ కొట్టతనికీ, వాచ్‌మన్‌కీ కూడా చెప్పేశాను. దారి తప్పితే ఇంటికి చేర్చేది వాళ్ళే కదా. బుద్ధి నా చేతిలో ఉండగానే వీలునామా రాశాను, బ్యాంకు పనులు అమ్మాయికి అప్పగించాను. తాళాలకు ఒక మేకు, కళ్ళజోడుకు ఒక మేకు కొట్టించాను. "పాజిటివ్‌గా ఉండండి" అంటారు పలకరించడానికి వచ్చినవాళ్ళు. నా పాజిటివ్ అంతా ఆ రెండు మేకులకే వేలాడుతోంది.

మా అమ్మాయి ఒక సంగతి చదివి వినిపించింది. 2014లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంవాళ్ళు నాలాంటి 17 మందికి ఏడిపించే సినిమా ముక్కలు, నవ్వించేవి చూపించారట. కాసేపటికి ఏం చూశారో వాళ్ళకు పెద్దగా గుర్తులేదు. ఆ దిగులు, ఆ సంతోషం మాత్రం ఇంకా ఉన్నాయట.

పద్దు లేకుండా నిల్వ ఉండదన్నది నా వృత్తిధర్మం. రూపాయి తేడా వస్తే రాత్రి పదకొండైనా కొట్టు కట్టనిచ్చేవాణ్ణి కాదు. ఇప్పుడు నాలోనే పద్దు లేని నిల్వలు పేరుకుంటున్నాయి. మా ఆవిడకు ఇది నాకన్నా ముందే తెలిసినట్టుంది. ఇదివరకు "ఇప్పుడే చెప్పాను కదండీ" అని విసుక్కునేది. ఇప్పుడు అయిదోసారి అడిగినా మొదటిసారి విన్నట్టే జవాబిస్తుంది. మాట నాలో ఉండదని తెలుసు, విసురు ఉండిపోతుందనీ తెలుసు.

భయం లేదనను. ఎప్పుడో పాత ఆవర్జాలకూ చెద పడుతుంది. ఆమె పేరున్న పేజీ కూడా పోవచ్చు. ఆ చేయి పట్టుకుంటే కలిగే నిమ్మళం ఆ తర్వాత కూడా కొంతకాలం ఉంటుందని నా ఆశ. దానికి నా దగ్గర రసీదు లేదు.

ఇది రాస్తున్న సాయంత్రం మనసు ఎందుకో హాయిగా ఉంది. టీపాయ్ మీద రెండు ఖాళీ కాఫీ గ్లాసులున్నాయి. ఎవరో వచ్చి వెళ్ళినట్టున్నారు. ఎవరని మా ఆవిణ్ణి అడగబోయి ఊరుకున్నాను. ఈ ఒక్కరోజుకు తేడా వెతకకుండానే కొట్టు కట్టేస్తాను.