సస్యరక్షణము – శరణధర్మము

కాయకమునందే కైలాసమును దర్శింపవలెనని శరణుల బోధ. కాయకములలో హెచ్చుతగ్గులు లేవు. అయినను కృషిఫలము అందరి పళ్లెములకును చేరును గనుక దాని శుద్ధి అందరికిని సంబంధించిన విషయము. పైరును కాపాడుటకై విషమును చల్లు రైతు కాయకము శుద్ధమగునా? ఈ ప్రశ్నకు తొందరపడి బదులు చెప్పరాదు.

ముందుగా మేలును చూడవలెను. డి.డి.టి.కి కీటకములను చంపు శక్తి గలదని 1939లో స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడు పాల్ ముల్లర్ కనుగొనెను. 1948లో ఆయనకు నోబెల్ బహుమతి లభించెను. దోమలను అణచి ఆ మందు మలేరియానుండి లక్షలాది ప్రాణములను కాపాడినది. 2,4-డి అను కలుపుమందు మొక్కలలోని పెరుగుదల హార్మోనును అనుకరించును. వెడల్పాకుల కలుపు అదుపుతప్పి పెరిగి చచ్చును. వరి, గోధుమ వంటి గడ్డిజాతి పైరులు చాలవరకు తట్టుకొనును. ఎండలో నడుము వంచువారి శ్రమ తగ్గినది. అయితే కలుపుకూలిపై బ్రతుకు స్త్రీల పనియు దానితోపాటే తగ్గినది.

ఇక కీడు. డి.డి.టి. కొవ్వులో కరుగును; మట్టిలో ఏండ్ల తరబడి నిలుచును. నీటిపురుగునుండి చేపకు, చేపనుండి పక్షికి పోవుకొలది దాని పాలు పెరుగును. ఇట్టి ప్రమాదములను రేచల్ కార్సన్ 1962లో లోకమునకు చాటెను. మోనోక్రోటోఫాస్ వంటి విషములు నరముల పనిని అదుపుచేయు ఒక ఎంజైమును స్తంభింపజేయును. ఆ ఎంజైము పురుగునందును కలదు, మనుష్యునియందును కలదు. కనుక చొల్లు కారి, కనుపాప కుంచించి, ఊపిరాగి కూలీయు మరణింపవచ్చును. 1984 డిసెంబరులో భోపాలున వేలమందిని బలిగొన్న మిథైల్ ఐసోసయనేటు పురుగుమందు తయారీకై నిలువచేసిన పదార్థమే. మందుకు చావని పురుగులు సంతతిని పెంచుకొనగా రైతు మందుపై మందు చల్లెను, అప్పుపై అప్పు చేసెను. 1997-98లో వరంగల్లు ప్రాంతపు పత్తి రైతులు పలువురు చేనికి తెచ్చిన మందునే త్రాగి ప్రాణములు విడిచిరి.

అట్లయిన పురుగును చంపుటయే పాపమా? నాగలి సాగినపుడును జీవులు నశించును. అయినను శరణులు కృషిని నిషేధింపలేదు. కనుక విచారింపవలసినది అవసరమెంత, భారమెవరిపై అనునవే. ఆయ్దక్కి మారయ్య ఏరి తెచ్చిన బియ్యము నాటి అవసరమును మించగా భార్య లక్కమ్మ దానిని తిరిగి పోసి రమ్మని పంపినదని శరణచరిత్ర. అవసరమునకు మించిన బియ్యమే తగనిదైనప్పుడు, అవసరమునకు మించిన విషమెట్లు తగును? బసవన్న దయను ధర్మమునకు మూలముగా నిలిపినాడు. ముఖమునకు గుడ్డయైనను లేని కూలీ చేత విషము చల్లించుట దయ కాదు. ఇంటి కూరలకు మందులేని మడిని విడిగా ఉంచుకొని, మందు చల్లినదానిని బజారునకు పంపుట దాసోహము కాదు, పంక్తిభేదము.

అయితే దోషమంతయు రైతుపై మోపుట అన్యాయము. మందు అమ్మువాడే అప్పిచ్చువాడును, సలహా చెప్పువాడును అయినచోట రైతుకు స్వేచ్ఛ ఎక్కడిది? ఖమ్మం ప్రాంతమున పునుకుల గ్రామస్థులు 2000 తరువాతి సంవత్సరములలో వేపగింజల కషాయము, దీపపు ఎరలు, పక్షిస్థావరములు మొదలగు ఉపాయములతో పత్తిని సైతము విషములేక పండించిరి. ఒంటరి రైతు భయపడి మానలేని దానిని ఊరు కలిసి మానగలిగినది. అన్యమార్గము లేనప్పుడు మందు వాడువాడు మితముగా వాడవలెను. కూలీకి రక్షణ కల్పింపవలెను. కోతకు ముందు గడువు పాటింపవలెను.

లింగమునకు అర్పించి ప్రసాదముగా స్వీకరించు అన్నము ఏ చేతుల మీదుగా, ఏ మూల్యమునకు వచ్చినదో విచారించుట తినువారి ధర్మము. తాను, తన బిడ్డలు నిస్సంకోచముగా తినగలిగినదానినే లోకమునకు పెట్టుట పండించువారి ధర్మము. ఈ రెండును కలిసిననాడు పొలము కైలాసమగును.