మైలేజీ, రుణం

మా నాన్న గూడ్సు బండి డ్రైవరు. కోర్బా బొగ్గు మోసి మోసి రిటైరయ్యాడు. నడిపిన కిలోమీటర్లను బట్టి జీతం పైన వచ్చే డబ్బును ఇంట్లో మైలేజీ అనేవాళ్లం. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని మా క్వార్టరుకు రాగానే, స్నానానికి ముందే, ఆ లెక్క డైరీలో ఎక్కించేవాడు.

నేనిప్పుడు మాటకింత అని రాసి బతుకుతున్నాను. బడిలో టీచరు ఉద్యోగం మానేసి ఆరేళ్లయింది. బీమా కరపత్రాలను హిందీలోంచి తెలుగు చేస్తాను, పత్రికలకు వ్యాసాలు రాస్తాను. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలు కొలువులకు ఈ ఊరొచ్చి స్థిరపడిన మనవాళ్ల మీద పెద్ద నవల రాయాలన్నది నా కోరిక. దానికి రోజుకు ఐదువందల మాటలు, పండగైనా సరే.

కిందటి కార్తీకమాసంలో గుళ్లో ఒక పెద్దాయన అడిగారు: "పోతన భాగవతాన్ని రాజుకివ్వలేదు, రాముడికిచ్చాడు. నువ్వు సరస్వతిని మాటకింతని అమ్ముతున్నావు. తప్పనిపించదా అమ్మా?" ఎగతాళి కాదు, మనసులో ఉన్నదే అడిగారు. నాకు జవాబు తోచలేదు. ఇంటికొచ్చి గీత రెండో అధ్యాయం తీశాను. 47వ శ్లోకంలో ఫలం మీద అధికారం లేదన్న ముక్క అందరికీ నోటికొచ్చు. పని మానేయడం మీద మోజు పడకు అని ఆ శ్లోకం చివర్లోనే ఉంది. ఫలాశ వద్దనుకుంటూ నవలను పదేళ్లు పక్కన పెట్టాను. వైరాగ్యం అనుకున్నాను. అది భయం.

అదే ప్రశ్న నాన్నను అడిగితే, ఆయన గీత జోలికి పోలేదు. "మైలేజీ తీసుకున్నానని బొగ్గు మైలపడిందా తల్లీ? కిలోమీటరు తగ్గించి వేస్తే అర్జీ పెట్టేవాణ్ణి. బండెక్కాక మాత్రం దాని ఊసే రాదు, కళ్లన్నీ సిగ్నలు మీదే" అన్నాడు. ఒక పత్రిక నాకు ఏడాదిగా డబ్బు బాకీ. అడిగితే అత్యాశేమోనని ఊరుకున్నదాన్ని, ఆ రాత్రే ఉత్తరం రాశాను.

కోరిక గురించిన గొప్ప కవిత ఒకటి ఈ ఊళ్లోనే పుట్టింది. మాఖన్‌లాల్ చతుర్వేది 1921-22లో ఇక్కడి జైల్లో ఉండగా రాసిన పువ్వు కవిత అది. దేవుడి తలకెక్కే భాగ్యమూ ఆ పువ్వుకు అక్కర్లేదు. దేశం కోసం తలలివ్వడానికి వెళ్లేవాళ్ల దారిలో పడేయమంటుంది. కోరిక చంపుకున్న పువ్వు కాదది, గట్టిగా కోరుకునే పువ్వు. తాను ఎక్కడ రాలాలో దానికి తెలుసు.

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం టాగోర్ రాసిన 'ఫాంకి' కవిత. 1918 నాటి 'పలాతక' సంపుటిలోది. బండి మారడానికి, జబ్బుతో ఉన్న బిను, ఆమె భర్త బిలాస్‌పూర్ స్టేషన్‌లో దిగుతారు. రుక్మిణి అనే కూలీ భార్య తన కూతురి పెళ్లి కష్టం చెప్పుకుంటే, ఆమెకు 25 రూపాయలు ఇవ్వమని బిను తన భర్తను అడుగుతుంది. అతను రుక్మిణిని చాటుగా బెదిరించి, రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపేస్తాడు. పూర్తిగా ఇచ్చాడనే నమ్మకంతోనే బిను కన్నుమూస్తుంది. మిగతాది తీర్చడానికి అతను మళ్లీ ఈ స్టేషన్‌కే వస్తాడు. రుక్మిణి ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు.

మా వరసలో చివరి క్వార్టరు పిన్ని, కొత్తగా కాపురానికొచ్చినప్పుడు భాష రాక బుధవారీ బజారులో కూరలు వేలితో చూపించి కొనుక్కున్నానని చెప్పింది. ఒకసారి వంకాయలు చూపిస్తే పక్కనున్న కాకరకాయలు తూచి ఇచ్చారట. వద్దనడానికి మాట తెలియక ఇంటికి తెచ్చి ఏడ్చుకుంటూ వండిందట. అదంతా నేను వ్యాసం చేశాను. 800 రూపాయలు వచ్చాయి. రాయొచ్చా అని ముందు ఆమెను అడగలేదు, తర్వాత రూపాయి ఇవ్వలేదు. తీరా పత్రిక పట్టుకెళ్లేసరికి బాబాయి రిటైరై క్వార్టరు ఖాళీ చేశారు.

ఋషులకు, దేవతలకు, పితరులకు పుట్టుకతోనే రుణపడి ఉంటామనే మాటకు మూలం తైత్తిరీయ సంహితలో ఉంది. ఋషుల రుణం చదువుతో తీరుతుంది. పిన్ని ఏ పద్దులోకి వస్తుంది? ఋషుల పద్దులోకేనని నా నమ్మకం. ఆమెకు చదవడం రాదు. వెళ్లి నేనే చదివి వినిపించాలి.

వాళ్ల ఊరు ఆమదాలవలస దగ్గరని వాకబు చేసి తెలుసుకున్నాను. లింక్ ఎక్స్‌ప్రెస్‌లో విజయనగరం దాకా టికెట్ తీశాను. సంచిలో ఆ పత్రిక, విడిగా కవరులో 800 రూపాయలు, నవల మొదటి అధ్యాయం. ఆ అధ్యాయం ఆమెదే. వద్దంటే తీసేస్తాను.