బిడ్డ పక్షమున ఆలోచింతము



ఇద్దరు పురుషులు గాని, ఇద్దరు స్త్రీలు గాని చేసికొను వివాహమును చట్టము ఒప్పుకొనవలెనా అను వాదము వచ్చినప్పుడెల్ల, “మరి పిల్లల సంగతి ఏమి?” అను ప్రశ్న వెంటనే వచ్చును. కమలాపూరులో నున్న మనకు ఇది దూరపు సంగతిగా తోచవచ్చును. కాని ఆ ప్రశ్న మన ఇండ్లను కూడ తాకుచున్నది.

హైదరాబాదు నివాసులైన సుప్రియో చక్రవర్తి, అభయ్ దంగ్ అనువారును, మరికొందరును సుప్రీంకోర్టుకు వెళ్లిరి. 2023 అక్టోబరు 17న ఐదుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. అట్టి వివాహమునకు చట్టము చేయుట పార్లమెంటు పనియే గాని కోర్టు పని కాదనిరి. దత్తత విషయములో మాత్రము ముగ్గురు ఒకవైపు, ఇద్దరు మరియొకవైపు నిలిచిరి. జంటగా దత్తత తీసికొనువారికి రెండేండ్ల స్థిరమైన వైవాహిక జీవితము ఉండవలెనను 2022 నాటి నిబంధన నిలిచెను. పునఃపరిశీలన పిటిషన్లను 2025 జనవరిలో కోర్టు త్రోసివేసెను. ఈ వ్యాజ్యములో బాలల హక్కుల జాతీయ కమిషను పిటిషన్లను వ్యతిరేకించగా, ఢిల్లీ బాలల హక్కుల కమిషను సమర్థించెను. ఇద్దరును బిడ్డ మేలు పేరటనే మాటలాడిరి.

స్త్రీ పురుషుల వివాహమే దేవుని ఏర్పాటని మన సంఘములు బోధించుచున్నవి. దానిని మార్చుకొమ్మని మేము చెప్పుట లేదు. అయితే బిడ్డ ప్రశ్న వేరు. ఒంటరి వ్యక్తి దత్తత తీసికొనుటకు ఇప్పటి చట్టమే అనుమతించుచున్నది. ఆ వ్యక్తి మరియొకరితో కలిసి జీవించుచున్నయెడల, బిడ్డను పెంచువారు ఇద్దరు, చట్టము ఎరిగినవారు ఒక్కరే. ఆ ఒక్కరు మరణించినయెడల రెండవవారు చట్టము దృష్టిలో పరాయివారే. విడిపోయినప్పుడు భార్యాభర్తల బిడ్డకు చట్టము ఇచ్చు రక్షణ ఇట్టి ఇంట దొరకదు గనుకనే ఆ నిబంధన ఉండవలెనని అధిక సంఖ్యాక న్యాయమూర్తులు తలంచిరి. ఆ మాటలో బలమున్నది. కాని ఇప్పటికే ఆ ఇంట పెరుగుచున్న బిడ్డకు అది జవాబు కాదు.

ఈ కష్టము క్రైస్తవులమైన మనకు క్రొత్త కాదు. 1956 నాటి హిందూ దత్తత చట్టము మనకు వర్తించదు. చాలకాలము 1890 నాటి చట్టము క్రింద మనము గార్డియన్లము మాత్రమే. పెంచిన బిడ్డకు వీలునామా లేనిచో ఆస్తిలో వాటా లేదు. 2000 నాటి బాలల న్యాయ చట్టము దారి తెరచెను. ఏ మతస్థులైనను దాని క్రింద దత్తత తీసికొనవచ్చునని 2014లో సుప్రీంకోర్టు స్పష్టపరచెను. అంతవరకు కొదువైనది ప్రేమ కాదు, కాగితమే.

తల్లియు తండ్రియు కలిసి పెంచుట బిడ్డకు మేలని మేము నమ్ముచున్నాము. అయినను మిరపకాయలు ఏరుటకు తెలంగాణకు వెళ్లినవారి పిల్లలు అమ్మమ్మల యొద్ద పెరుగునప్పుడు, అది ఇల్లు కాదని మనము అనుచున్నామా? చిన్నబిడ్డలను తెచ్చినవారిని శిష్యులు గద్దించినప్పుడు ప్రభువు కోపపడెనని మార్కు సువార్త 10వ అధ్యాయములో చదువుచున్నాము. ఆ బిడ్డలు ఎట్టి ఇంటివారని ఆయన విచారించినట్లు అక్కడ లేదు.

పార్లమెంటు ఏమి చేయునో మన చేతిలో లేదు. కాని బంధువుల బిడ్డను పెంచుచున్న సంఘ కుటుంబములు జనన పత్రము, దత్తత లేక గార్డియన్ ఉత్తరువు, వీలునామా ఇప్పుడే సరిచేసికొనవలెను. ఇతరుల ఇంటి బిడ్డను గూర్చి వాదించునప్పుడు, ఆ బిడ్డ మన యెదుట కూర్చుండి వినుచున్నట్లు మాటలాడుదము.