కంఠస్వరం కూడా అమానతే

మరణించినవారి ఆస్తి విషయంలో మనం ఎంతో జాగ్రత్త పడతాం. అప్పులు తీర్చామా, వాటాలు సరిగ్గా పంచామా అని పండితులను అడిగి తెలుసుకుంటాం. మరి వారు వదిలివెళ్ళిన కంఠస్వరం మాటేమిటి? దాన్ని మన ఇష్టప్రకారం మార్చుకోవచ్చా?

ఇటీవల ఒక కుటుంబం ఈ ప్రశ్నను మా ముందుంచింది. 1980లలో గల్ఫ్‌కు వెళ్ళినవారికి ఇంటివారు మాటలు రికార్డు చేసి క్యాసెట్లు పంపేవారు. కువైట్‌లో ఉన్న భర్తకు ఆ ఇంటి ఇల్లాలు అలా పంపిన క్యాసెట్ ఒకటి భద్రంగా మిగిలింది. ఆమె ఇప్పుడు లేరు. కొడుకులు దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, కృత్రిమ మేధతో పనిచేసే సాఫ్ట్‌వేర్ సాయంతో ఆమె గొంతును వేరుచేశారు. ఫ్యాను రొద, పసిబిడ్డ ఏడుపు తీసేశారు. ఇంటి ఖర్చుల గురించి ఆమె బాధపడిన మాటలు కత్తిరించారు. వెనుక ఒక రాగం చేర్చి, బంధువులందరికీ వాట్సాప్‌లో పంపాలనుకున్నారు. ముందుగా తండ్రికి వినిపించారు. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "బేటా, మీ అమ్మీ మధ్యలో ఆగింది నిన్ను ఎత్తుకోవడానికే. నీ ఏడుపు తీసేస్తే ఆమె ఎందుకు ఆగిందో ఎవరికి తెలుస్తుంది?" అన్నారట.

ఈ సాఫ్ట్‌వేర్ పనితీరు ఏమిటో చూద్దాం. గొంతు, వాద్యాలు విడివిడిగా రికార్డయిన ఎన్నో పాటలతో దానికి శిక్షణ ఇస్తారు. ఆ శిక్షణతో, కలగలిసిన శబ్దంలో ఏ భాగం గొంతుదో అది అంచనా వేస్తుంది. 2019లో డీజర్ సంస్థ స్ప్లీటర్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా విడుదల చేసింది. ఇప్పుడీ పని ఇళ్ళలోనూ సాధ్యమే. అయితే అంచనా అంచనాయే. రెండు శబ్దాలు ఒకదానిపై ఒకటి పడినచోట అక్షరం అరిగిపోవచ్చు.

బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ 1970లలో తన ఇంట్లో పియానో వాయిస్తూ ఒక పాటను క్యాసెట్‌పై రికార్డు చేసుకున్నాడు. 1980లో ఆయన హత్యకు గురయ్యాడు. 1995లో సహచరులు దాన్ని పూర్తిచేయబోయారు గానీ, పియానో నుంచి గొంతును విడదీసే మార్గం అప్పటికి లేదు. కృత్రిమ మేధతో అది సాధ్యమై, 2023 నవంబరులో 'నౌ అండ్ దెన్' పేరుతో పాట వెలువడింది. సంగీతం గురించిన ధర్మచర్చ వేరు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. క్యాసెట్‌ను ఇచ్చింది ఆయన భార్యే. గొంతును కృత్రిమంగా సృష్టించలేదని సహచరుడు పాల్ మెకార్ట్నీ బహిరంగంగా చెప్పాడు. చేసిన పనిని దాచలేదన్నమాట.

మన హదీసువేత్తల పద్ధతినీ గుర్తుచేసుకుందాం. ఉల్లేఖకుడు వివరణగా చెప్పిన మాట మూలవచనంలో కలిసిపోతే, దాన్ని 'ముద్రజ్' అని గుర్తించి వేరుచేసేవారు. హిజ్రీ 463లో మరణించిన ఖతీబ్ బగ్దాదీ ఈ అంశంపైనే ఒక గ్రంథం రచించారు. ఇంటి క్యాసెట్‌ను హదీసుతో పోల్చడం మా ఉద్దేశం కాదు. ఎవరి మాటను వారి మాటగానే అందించాలన్న నిజాయితీని మాత్రం మనం వారి దగ్గర నేర్చుకోవాలి.

"మేము ప్రేమతోనే చేశాం కదా!" అని ఆ కొడుకులు అన్నారు. వారి ప్రేమను మేము శంకించలేదు. కాని మాసిపోయిన ఉత్తరాన్ని భూతద్దంతో చదవడం వేరు, అందులోని వాక్యాలు కొట్టివేయడం వేరు. కష్టాలు చెప్పుకున్న తల్లిని సుఖంగా ఉన్నట్లు వినిపించడం ఆమె సహనాన్ని చెరిపివేయడమే అవుతుంది. పైగా ఆమె మాట్లాడింది భర్తతో, బంధువులతో కాదు.

రొద తగ్గించుకోవచ్చు, మూలప్రతిని చెరపకూడదు, చేసిన మార్పును దాచకూడదు, ఆంతరంగికమైన మాటను నలుగురిలో పెట్టకూడదు. ఇదే మేము వారికి చెప్పినది. ఇప్పుడు ఆ తండ్రి వద్ద ఫ్యాను రొద తగ్గిన ప్రతి ఒకటుంది. అందులో బిడ్డ ఏడుపు అలాగే ఉంది.

మృతుల అమానత్‌ను కాపాడే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.