వీధి కూడా అమానతే

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒంట్లో చురుకు పుట్టేలా ఆడిపాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. కానీ ఎక్కడ ఆడాలి? గోదావరి డెల్టాలోని చాలా ఊళ్లలో ఇంటి వెనుక వరి చేలు, ముందు కాలువ. గట్టు మీది బాటేమో బండ్లు తిరిగే రోడ్డు. రాజమండ్రి సందుల్లో గడప దాటితే మోటారు సైకిళ్లు, ఇసుక కుప్పలు. బిడ్డను టి.వి. ముందు కూర్చోబెట్టేదీ మనమే, సోమరి అని నిందించేదీ మనమే!

బిడ్డలు మనకు అల్లాహ్ అప్పగించిన అమానతు. మరి వీధి ఎవరి బాధ్యత? దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక భాగమని దైవప్రవక్త (స) బోధించారు. ఆ దారి నడిచే పెద్దలదే కాదు, పరిగెత్తే పిల్లలది కూడా. మన ఇసుక కుప్ప పొరుగింటి బిడ్డ ఆటను ఆపితే, అది పొరుగువారి హక్కును కాలరాయడం కాదా?

ఆటంటే కాలం వృథా అనుకోరాదు. దైవప్రవక్త (స) స్వయంగా హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. కనుక ఆడపిల్లలకూ ఆ చోటు దక్కాలి.

అసర్ నమాజు తర్వాత ఒక గంట బండ్లు పక్కకు తీద్దాం. కాలువ వైపు పెద్దలం వంతులవారీగా కాపలా కూర్చుందాం. గడప లోపలి బిడ్డల గురించే కాదు, గడప బయటి జాగా గురించి అల్లాహ్ అడిగితే ఏమని జవాబు చెబుతాం?