తులసికి తగిన నీరు

సూర్యాపేట జిల్లా మేళ్లచెరువు ప్రాంతము సున్నపురాతి నేల. సిమెంటు కర్మాగారములకు ఆధారమైన ఆ నేలయే పెరటి తులసమ్మకు ఒక్కొక్కప్పుడు పరీక్ష యగును. సున్నము మిక్కుటమైనచోట మొక్కకు ఇనుము సరిగా అందదు. ఈనెలు పచ్చగానుండి లేతాకులు పసుపువారును. బాగుగా చివికిన పశువుల ఎరువు కలిపినచో కొంత తేరుకొనును.

అయితే తులసి పోవుటకు నేలకంటె భక్తియే తరచు కారణమగుట విచిత్రము! ఇంట నలుగురు నాలుగు చెంబులు పోయుదురు. అడుగున రంధ్రము లేని కుండీలో నీరు నిలిచి వేళ్లు కుళ్లును. ఆకు వాడినదని మరియొక చెంబు! పిమ్మట అరిష్టమేమోయని ఇల్లాలు కంటతడి పెట్టును. అరిష్టమేమియు లేదు, లేనిది కుండీకి రంధ్రమే.

కైంకర్యము స్వామి ఉల్లమెరిగి చేయవలసినదేగాని చేయువాని తృప్తికై కాదని పెద్దల మాట. రామానుజులవారి ఆజ్ఞపై తిరుమల చేరిన అనంతాళ్వారులు పూదోటకై స్వయముగా చెరువు త్రవ్విరి. శ్రీవిల్లిపుత్తూరులో పెరియాళ్వారులకు గోదాదేవి లభించినది తులసివనముననే. వారందరును మట్టి నెరిగినవారు.

మొదటి మొక్క పోయిన ఇంట మూడవది నిలుచుట కలదు. అప్పటికి ఇల్లాలు వ్రేలి కణుపు లోతున మట్టి ఆరినదో లేదో చూచి నీరుపోయుట, కోటను 5, 6 గంటల ఎండ తగులుచోట నుంచుట నేర్చియుండును. వెన్నులు ముదురకముందే త్రుంచి స్వామి పాదములచెంత నుంచినచో కొమ్మలు గుబురుగా చిగురించును. రెండు వెన్నులు మాత్రము ఎండనిచ్చి, తొలకరిలో ఆ విత్తులు చల్లినయెడల పొరుగింటివారికిని నారు దొరకును.