ఎవరి చీకట్లో ఎవరి చుక్కలు

ఒకరికి నష్టం తెచ్చినదాని వల్ల ఇంకొకరికి సంతోషం కలిగితే, ఆ సంతోషం అతనికి చెల్లుతుందా? ధర్మశాస్త్రాలు చదివినవాళ్ళు దీనికి తడుముకోకుండా జవాబు చెబుతారేమో. షోలాపూరు తూర్పు భాగంలో, సాంచల చప్పుడు మధ్య బతికే నాలాంటివాడికి మాత్రం ఈ ప్రశ్న ఏటా ఆగస్టు 12, 13 తేదీల రాత్రి ఎదురవుతుంది. కారణం ఆకాశంలో రాలే ఉల్కలు.

శాస్త్రజ్ఞులు చెప్పే సంగతి పొట్టిదే. స్విఫ్ట్-టటిల్ అనే తోకచుక్క ఒకటుంది. 1862లో ఇద్దరు అమెరికన్లు వేరువేరుగా కనిపెట్టారు గనక ఇద్దరి పేర్లూ దానికి దక్కాయి. దాదాపు 133 ఏళ్ళకొకసారి అది సూర్యుడి దగ్గరికి వస్తుంది. కడపటిసారి వచ్చింది 1992 డిసెంబరులో. దారి పొడుగునా అది వదిలిన ధూళిలోంచి మన భూమి ఏటా ఈ రోజుల్లో నడిచిపోతుంది. ఇసుక రేణువంత పలుకు సెకనుకు సుమారు 59 కిలోమీటర్ల వేగంతో గాలిలోకి దూసుకొచ్చి, వంద కిలోమీటర్ల ఎత్తున ఒక గీత గీసి ఆరిపోతుంది. నిజానికి చుక్క ఏదీ రాలదు. మగ్గం కింద చీపురుకు వచ్చే నూలు దుమ్ము లాంటిదే అదీను. కాకపోతే ఇది మండుతుంది.

నన్ను పట్టుకున్నది ఇది కాదు, పేరు. ఈ ఉల్కలు పర్సియస్ అనే నక్షత్ర మండలం వైపునుంచి వస్తున్నట్టు కనబడతాయి. మనం మరాఠీ బళ్ళలో చదువుకున్నవాళ్ళం. ఆ మండలానికి మరాఠీ పుస్తకాల్లో పేరు యయాతి. పక్కనే దేవయాని, శర్మిష్ఠ కూడా ఉంటారు. ఎవరు పెట్టారో గాని గడుసువాళ్ళే. ఎందుకంటే మహాభారతంలో యయాతి కొడుకు యౌవనం అడిగి తీసుకుని వెయ్యేళ్ళు సుఖపడ్డవాడు. నా ప్రశ్నకు అంతకంటే పాత ఉదాహరణ నాకు దొరకలేదు. పైగా అతను స్వర్గం నుంచి రాలిపడ్డవాడు కూడాను. తపస్సులో తనకు సాటి లేరన్న గర్వంతో ఇంద్రుడి ఎదుటే ఆ మాట అని, అక్కడినుంచి కిందికి జారాడు. కింద మనవళ్ళు ఎదురై, మా పుణ్యం తీసుకుని తిరిగి పైకి వెళ్ళు తాతా అంటే, వద్దన్నాడు. కొడుకు వయసు పుచ్చుకోవడానికి వెనకాడనివాడు మనవళ్ళ పుణ్యం దగ్గర ఆగాడు. ఆ కథలో నాకు అన్నిటికన్నా పెద్దది ఆ 'వద్దు' అనే మాటే.

ఇక మన సంగతి. శ్రావణంలో ఇక్కడ ఉల్కలు కనబడాలంటే మూడు కలిసిరావాలి. చంద్రుడు ఉండకూడదు, మబ్బు ఉండకూడదు, ఊళ్ళో దీపాలు ఉండకూడదు. చంద్రుడితో పేచీ లేదు. 2022లో జంధ్యాల పున్నమి ఆగస్టు 11, 12 తేదీల్లో పడింది. మార్కండేయుడి రథం వెనక నడిచి కాళ్ళు పీక్కుపోయిన జనానికి పున్నమి వెన్నెల చాలు. ఆ వెన్నెల్లో ఏ నాలుగో తప్ప ఉల్కలు కనబడవు. దానికి ఎవరి కూలీ పోలేదు, ఎవరి పంటా పోలేదు.

మబ్బు సంగతి వేరు. 2023లో ఆ రాత్రుల్లో చంద్రుడు తెల్లవారుజామున సన్నటి రేఖగా వచ్చాడు, ఆకాశం కడిగినట్టుంది. కాని ఆ ఆగస్టు ఎలాంటిది? దేశం మొత్తం మీద లెక్క చూస్తే 1901 నుంచి అంత పొడి ఆగస్టు లేదు. ఆ ఏడు ఉజని జలాశయం నిండలేదు. జిల్లాలో కొన్ని తాలూకాల్లో తరవాత కరువు ప్రకటించారు. మనం మేడ మీద చాప పరుచుకుని ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటున్న ఆకాశాన్నే, కొద్ది మైళ్ళ అవతల కంది వేసినవాడు తల పట్టుకుని చూస్తున్నాడు.

దీపాల సంగతి ఇంకా దగ్గరిది. 2005 తరవాత కొన్నేళ్ళు మహారాష్ట్రలో కరెంటు కోతలు ఎంత గట్టిగా ఉండేవో ఆ కాలం వాళ్ళకు గుర్తుంటుంది. కోత రాత్రిపూట పడితే భద్రావతి పేట, సాఖర్ పేట ఒక్కసారిగా మూగబోయేవి. సాంచ ఆగితే చెవులు గింగురుమనేవి. నేసినదానికే కూలి గనక, ఆగిన గంట ఆగినట్టే పోయేది. కార్మికులు చెమట తుడుచుకుంటూ బయటి మెట్ల మీదికి వచ్చేవాళ్ళు. అప్పుడు పైన చుక్కలు కనబడేవి.

అలాంటి ఒక ఆగస్టు రాత్రి గంటన్నర తరవాత కరెంటు వచ్చింది. మేడ మీద నా పక్కనున్న చదువుకున్న స్నేహితుడు 'అయ్యో' అన్నాడు. కింద మెట్ల మీది ముసలాయన 'హమ్మయ్య' అని లేచాడు. రెండు మాటలూ ఒకే క్షణంలో నా చెవిన పడ్డాయి.

కోత మనం పెట్టలేదు, వానను మనం ఆపలేదు, చీకటి ఉంది గనక చూశాం, తప్పేముంది అనవచ్చు. నిజమే, చూడకుండా కళ్ళు మూసుకుంటే కంది చేనికి చినుకు పడదు. చూడటంలో తప్పు లేదని నేనూ ఒప్పుకుంటాను. కాని ఆ 'అయ్యో' దగ్గర ఏదో మారింది. అంతదాకా దొరికినదాన్ని చూశాడు. ఆ మాటతో ఇంకొంచెం కావాలన్నాడు, అంటే ఇంకొకరి గంట ఇంకొంచెం పోవాలన్నాడు. అతనికి ఆ ఉద్దేశం లేదు, మంచివాడే. అయినా యయాతి చేసిన పనికి అది చిన్నాన్న కొడుకు. పూరుడైనా అడిగితే ఇచ్చాడు. మెట్ల మీది మనిషిని ఎవరూ అడగలేదు.

ఇంతటితో నా స్నేహితుణ్ణి బోనులో నిలబెట్టి ఊరుకుందామనుకున్నాను గాని, ముసలాయన కుదరనివ్వలేదు. కరీంనగరం వైపునుంచి తాతలనాడు వచ్చిన కుటుంబం, మాట ఇంకా అక్కడిదే. మర్నాడు హోటలు దగ్గర కలిస్తే, ఎన్ని చూశావు మామా అని అడిగాను. పదకొండన్నాడు. మాకు ఎనిమిదే దొరికాయి. 'నా కూలి కట్టి సూపిచ్చిన తమాస గదా అల్లుడా, చాయ్ నువ్వే తాపియ్యాలె' అన్నాడు. తాగించాను. చిన్నప్పుడు వాళ్ళమ్మ చుక్క తెగితే ఎవరిదో పానం పోయిందనేదట. పన్నెండు గంటల పాళీలో పడ్డాక ఇన్నేళ్ళకు మళ్ళీ తీరిగ్గా తలెత్తి చూసింది ఆ రాత్రేనట.

అందుకని నా ప్రశ్న కొంచెం జరిగింది. ఆ చీకటి అతనికి నష్టం ఒక్కటే కాదు. అందులో అతనికీ వాటా దొరికింది, మాకంటే మూడు ఎక్కువే దొరికాయి. అతని తరఫున నేను సిగ్గుపడి, ఉల్కల్ని చూడటం మానితే అది అతనికి మర్యాద చేసినట్టూ కాదు. నన్ను పీడిస్తున్నది ఇది: మనిషి ఆకాశం చూడాలంటే కూలి పోవాలా? మా మేడ మీదివాళ్ళకు తీరిక ఊరికే దొరికింది. అతను దాన్ని గంటన్నర కూలి పెట్టి కొన్నాడు.

పర్సీడ్లు బాగా కనబడేది అర్ధరాత్రి దాటాక, మూడు నుంచి అయిదు లోపు. అప్పటికి యయాతి ఈశాన్యంలో బాగా పైకి వస్తాడు. ఆ వేళకు రాత్రి పాళీ ఇంకా దిగదు.